సందు కొలత

టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ప్లాన్లు గీసే ఆవిడను వీధిలో అందరూ టేపు పిన్ని అనేవారు. ఊరు నానాటికీ పొలాలను మింగుతూ పోతోందనీ, ఇకమీదట ఉన్నచోటే ఒదిగి పెరగాలనీ ఆ ఏడు కొత్త నిబంధనలు వచ్చాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ వదలాలన్న పాత నియమం పోయింది. గోడకు గోడ ఆనించి కట్టుకోవచ్చు. బస్సులో కాస్త జరిగి కూర్చోమన్నట్టే కదా అని పిన్ని అంటే, పై అధికారి నవ్వి, ఆ మాటనే మీటింగులో తన మాటగా చెప్పుకున్నాడు.

పిన్నికి ఆ నిబంధన నచ్చడానికి ఇంకో కారణముంది. కూతురికి నెలలు నిండుతున్నాయి. అల్లుడి ఉద్యోగం ఊళ్లోనే అయినా ఇల్లు దొరక్క ఊరవతలెక్కడో కాపురం. ఆస్పత్రికి రావాలంటే రెండు బస్సులు మారాలి. తమ ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న సందును కప్పితే పిల్లకు ఓ గది అవుతుంది. పక్కింటి దర్జీ అడ్డు చెప్పలేదు. సందు వైపున్న కిటికీని వాళ్ల నాన్న ఎందుకో ఏనాడో మూయించేశాడని మాత్రం అన్నాడు.

చిక్కల్లా కొలత దగ్గర వచ్చింది. సందులను ఆఫీసులో ఎవరూ కొలవరు. వీధి పొడవులోంచి ఇళ్ల వెడల్పులు తీసేస్తే మిగిలిందే సందు. దాన్ని ఖాళీ అని ప్లానులో తెల్లగా వదిలేస్తారు. తన ఇంటి పక్క సందునూ పిన్ని అలాగే గీసింది. ఏనాడూ లోపల అడుగు పెట్టింది లేదు. వీధి పిల్లులు కూడా అందులో దిగకుండా గోడెక్కి పోయేవని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం భర్తను పెరట్లోంచి వెళ్లి టేపు కొస పట్టుకోమని చెప్పి, ఇనుప టేపును సందులోకి తోసింది. కాసేపటికి టేపు బిగిసింది. అవతల ఒక్కసారి మెల్లగా గుంజారు. పట్టుకున్నాను, చూసుకో అని కొలిచేవాళ్లు చేసే సైగ అది. పిన్ని అంకె చూసుకుని, ఇక వదలమని కేకేసింది. అవతల వదిలారు.

"పెరటి తలుపు గొళ్లెం రావట్లేదోయ్," అన్నాడు భర్త, పిన్ని వెనక వీధి గుమ్మంలోంచి. "నూనె ఎక్కడ పెట్టావు?"

పిన్ని సందులోకి చూసింది. ఎండ పడుతూనే ఉంది. ఎవరూ లేరు. రెండువైపులా గోడలు మాత్రం భుజాల ఎత్తున నున్నగా ఉన్నాయి, ఏళ్ల తరబడి జనం ఆనుకుని నిలబడిన చోటులాగా.

భర్త నూనె కోసం లోపలికి వెళ్లాక దేవుణ్ణి తలుచుకుంటూ సందు వెడల్పు కొలిచింది. మంచం వేస్తే కాలు పెట్టే చోటు మిగలదు. మనం ఖాళీ అని రాసినంత మాత్రాన దేవుడు ఖాళీగా ఉంచాలని ఏముంది? ఉన్నవాళ్లను పొమ్మనడానికి నోరు రాలేదు. కూతుర్ని రావద్దనడానికీ రాలేదు.

"మా అమ్మాయి వస్తోంది," అంది సందులోకి, గొంతు తగ్గించి. "కాస్త జరగండి."

మర్నాడు మేస్త్రీ దారం లాగి, మళ్లీ లాగి చూసుకున్నాడు.

"ప్లాన్లో తక్కువ రాశారేంటమ్మా? మంచం పోను ఉయ్యాలకు కూడా చోటుంది. మీ ఆఫీసోళ్లు తప్పు రాసినా మనకి లాభం వచ్చేట్టు రాయడం ఇదే మొదలు."

భర్త పగలబడి నవ్వాడు. పిన్ని నవ్వలేకపోయింది. జరగమంది కానీ, ఎటు జరగాలో తను చెప్పలేదు.

గది లేచింది, కూతురు వచ్చింది. మొదటి మధ్యాహ్నమే పిన్ని వెళ్లి చూస్తే, గోడవైపు సగం మంచం ఖాళీగా ఉంచి ఈ అంచున పడుకుని ఉంది.

"పడిపోతావే, అటు జరుగు."

"జరగబుద్ధి కావట్లేదమ్మా. అటు ఎవరికో చోటు వదలాలనిపిస్తోంది. నిద్రలో కూడా ఇటే వస్తున్నాను."

పిన్ని గోడవైపు చూసింది. మొన్న వేసిన సున్నం భుజాల ఎత్తున అప్పుడే నునుపు తేలింది. పిల్లను లేపి తీసుకుపోదామనుకుంది. ఎక్కడికి? ఆ రెండు బస్సులూ కళ్లముందు కదిలాయి.

కుర్చీ తెచ్చి మంచం అంచుకు ఆనించి, కూతురు పడిపోకుండా తనే అందులో కూర్చుంది.

"అటు వదిలెయ్ తల్లీ," అంది. "మనకోసం వాళ్లూ జరిగారు."