పైపుకి కట్టిన ఎర్తు

టోక్‌మోక్‌లో మే నెల వచ్చిందంటే చాలు, మరమ్మతులంటూ ఇళ్ళన్నిటికీ వేడినీళ్ళు పంపే ఊరి లైను కట్టేస్తారు. ఇక నెలంతా ఐదంతస్తుల ఇళ్ళన్నీ గీజర్ల మీదే బతకాలి. సరిగ్గా ఆ నెలలోనే సాగిన్‌బాయ్ మనవరాలికి నలభయ్యో రోజు వచ్చి పడింది. వచ్చిన ఆడవాళ్ళంతా వంతులవారీగా నలభై చెంచాల నీళ్ళు పోసి పిల్లకి స్నానం చేయించాలి. ఆ నీళ్ళు చల్లగా ఉంటే చుట్టాలు నలుగురూ నవ్విపోరూ!

అందుకే సాగిన్‌బాయ్ కొత్త గీజరు తెచ్చి ఆ పొద్దున్నే గోడకి బిగించాడు. ఉన్ని మిల్లులో ముప్ఫై ఏళ్ళు కరెంటు పని చేసినవాడు, ఒకరి సాయం అడుగుతాడా? మెట్ల దగ్గరి బోర్డు నుంచి విడిగా మందపాటి రాగి తీగ లాగాడు. దానికి విడిగా ఒక బ్రేకరు పెట్టాడు. ఫేజు కలిపాడు, న్యూట్రల్ కలిపాడు. పచ్చా పసుపూ చారల ఎర్తు తీగ మిగిలింది. బోర్డులో దానికి చోటే లేదు. ఆ ఇళ్ళు కట్టిన రోజుల్లో ఎర్తు సంగతి ఎవడు పట్టించుకున్నాడు గనక! సాగిన్‌బాయ్ నీళ్ళ పైపు మీది రంగు గీకి, తీగ చుట్టి, క్లాంపు బిగించాడు.

"ఇదిగో, పైపుకి కట్టకూడదని గీజరుతో వచ్చిన కాగితంలో రాసుందట. కోడలు చదివింది," అంది భార్య జిపార్. మామగారితో నేరుగా మాట్లాడే ఆచారం అక్కడి కోడళ్ళకి లేదు. అందుకే బెగిమాయ్ అత్తగారి చేత చెప్పించింది.

"ఆ కాగితం రాసిన మహానుభావుడు మన ఇంటికొచ్చి చూశాడా?" అన్నాడు సాగిన్‌బాయ్. "పైపు ఎక్కడికి పోతుంది? భూమిలోకి. ఎర్తు ఎక్కడికి పోవాలి? భూమిలోకే. మా గురువు నాకిదే నేర్పాడు, నేను ఊరంతా ఇలాగే కట్టాను. ఒక్కడైనా చచ్చాడా? వెళ్ళి పిండివంటలు చూసుకో."

మధ్యాహ్నానికి ఇల్లు ఆడవాళ్ళతో నిండిపోయింది. స్నానాలగదిలో ప్లాస్టిక్ తొట్టి పెట్టి, పిల్లని అందులో ఉంచి, ఒక్కొక్కరే వచ్చి చెక్క చెంచాతో నీళ్ళు పోస్తున్నారు. "నాయనమ్మ ముక్కు రాకుండా చూడు తల్లీ!" అని ఒకావిడ అంటే అందరూ ఘొల్లుమన్నారు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయని మెచ్చుకోని మనిషి లేదు. సాగిన్‌బాయ్ బయట మెట్ల మీద నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు.

నలభయ్యో చెంచా అయింది. ఒళ్ళంతా తడిసిన పిల్లని ఎడమచేత్తో గుండెకి హత్తుకుని, బెగిమాయ్ ఇనప స్నానపుతొట్టి అంచుకి మోకాళ్ళు ఆనించి, కుడిచెయ్యి కుళాయి మీద వేసింది.

కేక వినబడలేదు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక మూలుగు వచ్చింది, అంతే. "షాకు! షాకు కొట్టింది!" అని ఆడవాళ్ళు గగ్గోలు పెట్టారు.

సాగిన్‌బాయ్ ఒక్క అంగలో బోర్డు దగ్గరికెళ్ళి తన ఇంటి మెయినూ, కొత్త గీజరు బ్రేకరూ ఆఫ్ చేసి లోపలికి పరిగెత్తాడు. స్నానాలగదిలో లైటు ఆరిపోయింది. అయినా కోడలి చెయ్యి కుళాయిని వదల్లేదు!

దేవుడా, ఇదేం విడ్డూరం! కరెంటు లేని ఇంట్లో కరెంటు పట్టుకోవడమేమిటి? ఆలోచించడానికి వ్యవధి లేదు. అలమరలోంచి పొడి బొంత లాగి, బెగిమాయ్ నడుం చుట్టూ వేసి, వెనక్కి ఒక్క గుంజు గుంజాడు. ముగ్గురూ గోడకి కొట్టుకుని పడ్డారు. పిల్ల నీలంగా, చడీచప్పుడూ లేకుండా ఉంది. జిపార్ లాక్కుని వీపు మీద చరిచింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారికి కేర్‌మంది పిల్ల.

అంబులెన్సుకి ఎవరో ఫోన్ చేశారు. సాగిన్‌బాయ్ కుళాయికి టెస్టరు ఆనించాడు. దానిలోని చిన్న బల్బు ఎర్రగా వెలిగింది.

"మామయ్యా," అంది బెగిమాయ్. పెళ్ళయ్యాక ఆమె అతనితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. "మంగళవారం నుంచి కుళాయి చేతికి చిమచిమలాడుతోంది. అత్తయ్యకి చెప్పాను."

జిపార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పచ్చి బాలింత నరాలు అలాగే లాగుతాయన్నాను. నేనే అన్నాను!"

"టెస్టరు పట్టుకుని చూస్తుండు," అని భార్యకి చెప్పి సాగిన్‌బాయ్ మెట్లెక్కాడు. ఒక్కో ఇంటి బ్రేకరూ దించుతున్నాడు. "వెలుగుతోంది!" అని అరుస్తోంది జిపార్. "ఇంకా వెలుగుతోంది!" ఐదో అంతస్తులో రెండో ఇంటిది దించగానే, "ఆరిపోయింది!" అంది.

అది కుట్టుపని చేసే జూరా ఇల్లు. సాగిన్‌బాయ్ తలుపు బద్దలయ్యేలా బాదాడు.

"నీ గీజరు పాడై కరెంటంతా పైపులోకి వదులుతోంది! నా ఇంట్లో రెండు ప్రాణాలు పోయేవి! ఏ గాడిద కొడుకు బిగించాడే దీన్ని?"

జూరా తెల్లబోయింది. "నువ్వే కదా అన్నా! పన్నెండేళ్ళయింది. పైపుకి కడితే దిగులే లేదన్నావు. పైసా పుచ్చుకోలేదు, కడుపునిండా మాంసం తిని దీవించి వెళ్ళావు."

అతను లోపలికెళ్ళి చూశాడు. గీకిన రంగు, చుట్టిన తీగ, తన చేతి క్లాంపు.

"పైపు భూమిలోకి పోతుంది కదే," అన్నాడు.

"ఇంకెక్కడి భూమి? మంగళవారమే కదా కింద సెల్లారులో తుప్పు పైపు తీసేసి తెల్ల ప్లాస్టిక్‌ది వేశారు! ఈ వీధిలో అన్ని ఇళ్ళకీ వేసుకుంటూ పోయారు."

సాగిన్‌బాయ్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో ఎవరు పిలిచినా కాదనలేదు. ఎన్ని గీజర్లు? ఎవరెవరివి? ఒక్క ఇల్లు గుర్తుకొస్తే పది ఇళ్ళు గుర్తుకు రావడం లేదు.

మెట్లన్నీ దూకుతూ దిగి పక్క భవనంలోకి పరిగెత్తాడు. అంతస్తు అంతస్తుకీ ఆగి బోర్డులోని బ్రేకర్లన్నీ దించేశాడు. తలుపులు తెరుచుకున్నాయి. టీవీ ఆగిందని ఒకడు, పొయ్యి ఆరిందని ఒకావిడ, "ముసలాడా, పిచ్చెక్కిందా!" అని తిట్ల దండకం.

"కుళాయి ముట్టుకోకండి!" అని అరుస్తున్నాడతను. "గీజర్లు నేనే బిగించాను! తప్పుగా బిగించాను! ముట్టుకోకండి!"

తిట్టడానికి అందరూ బయటికి వచ్చారు. మూడో అంతస్తులో ఒక్క తలుపు మాత్రం తెరుచుకోలేదు. సాగిన్‌బాయ్ దానికి చెవి ఆనించాడు. లోపల నీళ్ళు ధారగా పడుతున్నాయి. గుద్దాడు, తన్నాడు, పేరు గుర్తు లేక "అమ్మా! అయ్యా! ఎవరైనా!" అని పిలిచాడు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.