కాలికి తాకని శృతిదండం

నేను ఒక శృతిదండాన్ని, డాక్టర్లు ట్యూనింగ్ ఫోర్క్ అంటారు. రెండు కొమ్ములు, ఒక కాడ, అడుగున గుండ్రటి పీఠం, అంతే నా ఆస్తి. చరిస్తే పాడతాను, ఊరుకుంటే ఇనుపముక్కనే. ఏదో ఊరి కార్ఖానాలో నన్ను కోసి, అరగదీసి, స్వరం సరిచూసి డబ్బాలో పెట్టారు. వైద్యం చదువుకునే రోజుల్లో వసుమతి నన్ను కొనుక్కుంది. ఇరవై రెండేళ్లుగా ఆ డాక్టరమ్మ తెల్లకోటు జేబే నా ఇల్లు. మా ఆసుపత్రి అనంతపురంలో ఉంది.

మనిషి ఒంట్లోని దారులు నాకు తెలిసినంతగా మనిషికి తెలియవు. నన్ను నుదుట పెడితే చెవి నరం పలుకుతుంది. కాలి బొటనవేలి ఎముకపై పెడితే నా వణుకు వెన్నుపాము వెనుక భాగంలోంచి మెడ పైదాకా పాకి, అక్కడ ఒక పక్క నుంచి రెండో పక్కకు మారి మెదడుకు చేరుతుంది. కాలు ఎక్కడుందో చెప్పే కబురూ ఆ దారినే పోతుంది. దారి చెడితే కాలు ఉంటుంది, ఉన్నట్టే తెలియదు.

ధర్మవరం నేతగాడు చౌడయ్య మొదటిసారి వచ్చినప్పుడు చెప్పుకున్న జబ్బు చిన్నదే. మొహం కడుక్కుంటూ కళ్లు మూస్తే తూలుతున్నాడట. వసుమతి చెవి దోషమనుకుంది. నన్ను అరచేతి అంచున చరిచి అతని నుదుట పెట్టింది. రెండు చెవులా సమానంగా వినిపిస్తోందన్నాడు. తర్వాత నన్ను కాలివైపు దించింది. చౌడయ్య గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

"తలకు పెట్టిందాన్ని కాలికి తాకిస్తారా మేడమ్? పాట పాడే వస్తువు, సరస్వతి తల్లి. పాపం తగుల్తాది."

అని, నన్ను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వం కలిగింది. అంతవరకూ నాకెవరూ మొక్కలేదు. బయట యాభైమంది కూర్చుని ఉన్నారు. వసుమతి నవ్వి, అతని మాట కాదనలేక, నన్ను మణికట్టుపై పెట్టి సరిపెట్టింది. అక్కడ నా వణుకు అతనికి బాగానే తెలిసింది. ముందు చెడేది కాలివేళ్ల దగ్గరేనని ఆమెకు తెలియక కాదు. తూలుడుకు మాత్రలు రాసి పంపేసింది.

ఏడు నెలలకు చౌడయ్యను భార్య ఓబులమ్మ భుజం పట్టి నడిపించుకొచ్చింది.

"మగ్గం గుంతలో కాళ్లు దించితే ఏ చెక్క తొక్కుతాండాడో తెలీడం ల్యా మేడమ్. వంగి సూసుకుంటే పైన పోగులు తెగుతాండాయి," అంది. నలభై ఏళ్లు చూడకుండా తొక్కిన కాళ్లవి.

ఈసారి చౌడయ్యే కాళ్లు చాపాడు.

"పెట్టండి మేడమ్. తల్లి క్షమిస్తాది."

కళ్లు మూసుకున్నాడు. వసుమతి నన్ను గట్టిగా చరిచి బొటనవేలిపై ఆనించింది. ఉన్న సత్తువంతా పెట్టి వణికాను. అతను వినయంగా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"పాట ఇనబడ్తాంది మేడమ్," అన్నాడు కాసేపటికి. "ఎప్పుడు పెడతారు?"

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వసుమతి నన్ను తీయడం మరిచిపోయింది. పాడి పాడి నేనే ఆగిపోయాను.

రక్తంలో ఒక విటమిన్ తగ్గిందట. సూదులు వేశారు. ముందే పట్టుకుని ఉంటే కాళ్లు తిరిగొచ్చేవి. చౌడయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, మళ్లీ మగ్గంలోకి దిగలేదు. మొక్కిన చేతులకు నేనిచ్చిన వరం అది. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా పీఠం అరిగిపోయింది. వసుమతి మాత్రం నన్ను మార్చలేదు. ఎవరొచ్చినా ముందు కాలికే పెడుతుంది, ఆ తర్వాతే తలకు. ఎవరైనా పాపమంటే వాదించదు. స్టూలు దగ్గరికి లాక్కుని, ఆ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకుంటుంది.