రెండు ట్రైలర్లు, ఒక జత చక్రాలు

చక్రానికి ఐదు కన్నాలున్నాయి. కారు వెనక లాక్కుపోయే గదిలాంటి నా ట్రైలర్‌కు నాలుగే బోల్టులు.

"ఏ బండికైనా సరిపోతాయి, కళ్ళు మూసుకుని పట్టుకుపో" అన్నాడు పాత ఇనుము కొట్టువాడు. నేను కళ్ళు మూసుకునే పట్టుకొచ్చాను. తెల్లవారకముందే ఊళ్ళో బయలుదేరి, దేశం ఒక కొస నుంచి ఇంకో కొసకు కారు నడిపి, సరిహద్దు దాటి, ఈ సముద్రపు ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చున్నాక తెలిసింది.

వరుస చివర, నీళ్ళవైపు, పొక్లెయిన్ పని మొదలుపెట్టింది. చక్రాలు లేని ట్రైలర్ల మీద దాని తొట్టి దిగుతోంది. రేకు నలిగే చప్పుడు గాలిలో ఇంతదూరం వస్తోంది. సెలవుల క్యాంపువాళ్ళు మా ట్రైలర్లు తీయించి జర్మన్ టూరిస్టుల కోసం చెక్క ఇళ్ళు కడతారట. చెప్పి ఏడాదైంది. ఈ సాయంత్రానికి మా వరుస ఖాళీ కావాలి.

క్యాంపు చూసుకునే కుర్రాడు దెనిస్ వచ్చి నిలబడ్డాడు. ఇక్కడివాళ్ళు పెద్దవయసువాణ్ణి బార్బా అంటారు.

"ఏం బార్బా, ఇంకా కదల్లేదా?"

"చక్రాలు పట్టడంలేదు."

"మరి నీ అసలు చక్రాలేవి?"

"ఆ మిషన్‌తో ఎత్తి గేటు బయట పెట్టించు" అన్నాను.

"ఎత్తితే ట్రైలర్ నడుం విరుగుతుంది బార్బా. నిన్న ఒక చెక్ దేశం ఆయనది అలాగే రెండు ముక్కలైంది. పాపం, పళ్ళెం పట్టుకుని ఏడ్చాడు." అంతలో చేతిలోని ఫోన్ మోగితే వెళ్ళిపోయాడు.

మేము ట్రైలర్ పెట్టిన రోజుల్లో ఇది పక్క దేశం కాదు. మాదే. అది ఇక్కడ నిలబడి ఉండగానే దేశం ముక్కలైంది. ట్రైలర్ జానెడు కూడా జరగలేదు. మేమే ప్రతి వేసవికి పాస్‌పోర్టులు పట్టుకుని మా వంటగిన్నెల దగ్గరికి వచ్చేవాళ్ళం. సరిహద్దు వచ్చిన ఏడాది దొంగలు ఎక్కువయ్యారు. మూడు ట్రైలర్లు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. అప్పటినుంచి అందరూ చలికాలానికి చక్రాలు ఊడదీసి, దిమ్మెల మీద నిలబెట్టి, చక్రాలు ఇంటికి తీసుకుపోయేవారు.

మేము ఇంకో అడుగు వేశాం. పక్క ట్రైలర్ నా తోడల్లుడు ఫెలిక్స్‌ది. ఒకే రోజు, ఒకే కొట్లో కొన్న జంట ట్రైలర్లు. నా భార్య యుస్తీనా, ఆమె చెల్లెలు మతిల్దా కలిసి ఆలోచన చేశారు. మా చక్రాలు వాళ్ళ కొట్టంలో, వాళ్ళవి మా కొట్టంలో. ఒకరు లేకుండా ఒకరు ట్రైలర్ కదపకూడదని. అక్కాచెల్లెళ్ళకు అది నవ్వులాట. నాకు మొదటినుంచీ నచ్చలేదు.

యుస్తీనా పోయాక, శవాన్ని పూడ్చి వచ్చి భోజనానికి కూర్చున్న చోట, ఊరందరి ముందు, చేతిలో సూప్ గరిటె పట్టుకుని ఫెలిక్స్ అన్నాడు: "చివరిసారి సముద్రం చూస్తానంది. ఈయన తీసుకెళ్ళలేదు." ప్రయాణం వద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఫెలిక్స్‌కు తెలుసు. తెలిసే అన్నాడు. ఆరోజు నుంచి వాడితో మాట్లాడలేదు. వాడి చక్రాలు నా దగ్గర, నా చక్రాలు వాడి దగ్గర, అలాగే ఉండిపోయాయి. అడగడం కంటే పాత ఇనుము కొట్టుకు పోవడమే నయమనుకున్నాను.

ట్రైలర్ నాకెందుకంటే, యుస్తీనా కూర్చోగా నేను చూసింది అందులోనే. ఇంటి దగ్గర ఆమె పశువుల పాకలో ఉండేది, పొయ్యి దగ్గర ఉండేది, గుమ్మడి చేనులో ఉండేది. ఎక్కడా కూర్చునేది కాదు. ఇక్కడ కిటికీ పక్కన బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని కాఫీ తాగేది. ఇసుక కాళ్ళతో ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు, నన్నైనా సరే. ఆ బల్లనే ఇప్పుడు నలపబోతున్నారు.

మధ్యాహ్నానికి బుర్యా గాలి లేచింది. కొండ మీదినుంచి దిగే గాలి అది. పైన్ చెట్లు ఒకవైపుకే వంగిపోయాయి. పొక్లెయిన్ మాకు ఐదారు ట్రైలర్ల దూరంలోకి వచ్చింది. అప్పుడు ఫెలిక్స్ తెల్ల వ్యాను వచ్చి ఆగింది. వాడు ముసలివాడయ్యాడు. మతిల్దా కర్ర పట్టుకుని దిగింది.

ఫెలిక్స్ నా పక్కన పడి ఉన్న చక్రాన్ని కాలితో కదిపాడు.

"ఐదు కన్నాలా? ఒకటి ఎక్కువే ఉందిగా. ఇంకేం బాధ?"

నేను ఆ చక్రాన్ని నావైపు లాక్కున్నాను.

"బావా," అంది మతిల్దా, "నీ చక్రాలు తెచ్చాం. వ్యానులో ఉన్నాయి. మావి ఏవి?"

"ఇంటి దగ్గర."

"ఇంటి దగ్గరా? ఈ రోజు చివరి రోజని తెలియదా నీకు?"

"తెలుసు."

"అక్కడేం చేస్తున్నాయవి?"

"వాటి మీద కోళ్ళు పడుకుంటున్నాయి."

ఫెలిక్స్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో సంతోషమేమీ లేదు. "విన్నావా? నేను చెప్పానా లేదా? మూరా నదిలో పారేద్దాం అన్నాను ఈయన చక్రాలు. నువ్వే, బావ, బావ అంటూ ఎక్కించావు. ఇప్పుడు చూడు, మనది నలిగిపోతుంటే చూడ్డానికి కూర్చున్నాడు మీ బావ."

నిజమే. నలిగిపోతే చూద్దామనే అనుకున్నాను. ఇప్పటికీ అందుకు సిగ్గుపడను.

"చాలు నోరుముయ్యి" అంది మతిల్దా మొగుణ్ణి. "రెండు ట్రైలర్లూ ఒకటే రకం. మొదట మనదానికి తగిలించు. అది మిషన్‌కు దగ్గర. గేటు బయట పెట్టి, చక్రాలు ఊడదీసి వెనక్కి తీసుకురా. తర్వాత బావది లాగుదాం."

"నా చక్రాలతో వాడిది ముందా?" అన్నాను.

"మాది ఎక్కడుందో చూడు, నీది ఎక్కడుందో చూడు. కళ్ళున్నాయి కదా?"

"తీసుకుని అటే పోతే?"

ఫెలిక్స్ మొహం ఎర్రబడింది. "నీలాంటివాణ్ణి అనుకున్నావా?"

"అది నువ్వే చెప్పాలి."

మతిల్దా కర్ర నేలకేసి కొట్టింది. "నేనిక్కడే ఉంటా. నీ ట్రైలర్‌లో కూర్చుంటా. మొగుడు రాకపోతే నన్నూ నలిపెయ్యమను. సరేనా?"

చక్రాలు దించాం. గోనెసంచుల్లో చుట్టి ఉన్నాయి. విప్పితే తుప్పు లేదు, గాలి నిండుగా ఉంది. ఎవరో ఏటేటా చూసుకున్నట్టుంది. వాడు జాకీ ఎత్తాడు, నేను దిమ్మెలు లాగాను. చేతులు తగిలినప్పుడు ఇద్దరం వెనక్కి తీసుకున్నాం. వాడి ట్రైలర్‌ను వ్యానుకు తగిలించుకుని వెళ్ళాడు. గాలికి అది పక్కలకు ఊగుతూ, మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

మతిల్దా నా ట్రైలర్ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. బూట్లతోనే. కిటికీ పక్కన, యుస్తీనా చోట్లోనే కూర్చుంది.

పొక్లెయిన్ ఫెలిక్స్ ఖాళీచేసిన చోటికి వచ్చింది. వాడి ట్రైలర్ ముందు కట్టుకున్న చెక్క అరుగును ఒక్క దెబ్బకు ఎత్తి పక్కన పోసింది. ఆ తర్వాత తొట్టి మావైపు తిరిగింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

దెనిస్ పరుగెత్తుకొచ్చాడు. "బార్బా, ఎవరావిడ లోపల?"

"మా మరదలు."

"దిగమను!"

"నువ్వే చెప్పు. నా మాట ఎప్పుడూ వినలేదు."

దెనిస్ తలుపు దగ్గర అరిచాడు. లోపలినుంచి జవాబొచ్చింది: "కాఫీ పెట్టుకోనివ్వు నాయనా, చలిగా ఉంది."

గ్యాసు లేదు, నీళ్ళు లేవు, ఏ కాఫీ పెడుతుంది? డ్రైవరు ఇంజను ఆపలేదు. తొట్టి అంచు ట్రైలర్ కప్పుకు మూరెడు దూరంలో గాలికి కదులుతోంది. నేను రోడ్డు వైపు చూశాను. ఎవరూ లేరు. గేటు ఎంతో దూరం లేదు. పోయి రావడానికి ఇంతసేపెందుకు? పోయాడు అనుకున్నాను. పెళ్ళాన్ని కూడా వదిలేసి పోయాడు. మనిషి అంతే.

"ఇంక ఆగలేను బార్బా" అన్నాడు దెనిస్. "పైవాళ్ళు నన్ను తిడతారు. పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. వాళ్ళొచ్చేదాకా మిషన్ ఆగుతుందిగా."

వాడు నన్నొక తిట్టు తిట్టి ఫోన్ తీశాడు. అదే సమయానికి మలుపులో వ్యాను కనిపించింది.

ఫెలిక్స్ దిగుతూనే అరిచాడు. "పోలీసులు పెద్దరోడ్డు మూసేశారు. గాలికి ట్రైలర్లను పోనివ్వడంలేదు, కార్లు మాత్రమే. గేటు ఎదుట ఉన్న ఆలివ్ తోట ముసలావిణ్ణి బతిమాలి అందులో పెట్టాను. గుమ్మడి గింజల నూనె సీసా ఇచ్చుకోవాల్సొచ్చింది. లే, చూస్తావేం?"

లేచాను. తొట్టి నీడలోనే చక్రాలు బిగించాం. మతిల్దా లోపలే కూర్చుంది. దిగితే మిషన్ ముందుకు వస్తుందని ఆవిడకు తెలుసు. ఆవిడతో సహా లాగాం. వెనక నా అరుగు విరిగిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు.

ఆలివ్ తోటలో రెండు ట్రైలర్లు పక్కపక్కనే నిలిచాయి. వాడిది రాళ్ళ మీద. నాది చక్రాల మీద, నా కారుకు తగిలించి. చక్రాలు నావి, ట్రైలర్ నాది. గాలి తగ్గి రోడ్డు తెరిస్తే నేను నా ఇంటికి పోవచ్చు. ఫెలిక్స్ కూడా అదే ఆలోచిస్తున్నాడు. నన్ను చూడకుండా నా చక్రాల వైపు చూస్తున్నాడు. ముసలావిడ రేపటివరకే ఉంచనిచ్చిందని మతిల్దా చెప్పింది.

నేను కారు వెనక్కి వెళ్ళి ట్రైలర్ విప్పేశాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఫెలిక్స్.

"కార్లను పోనిస్తున్నారన్నావుగా. నీ చక్రాలు తెస్తాను."

"గాలి తగ్గాక పోవచ్చుగా?"

"అంతసేపు నీ మొహం చూస్తూ ఇక్కడ కూర్చోలేను."

"కోళ్ళ రెట్ట కడిగి తీసుకురా" అన్నాడు.

"నువ్వే కడుక్కో."

ట్రైలర్ తాళంచెవి మతిల్దాకు ఇచ్చాను. రాత్రికి ఆవిడ పడుకోవడానికి నా ట్రైలరే నయం, రాళ్ళ మీద ఉన్నది గాలికి ఊగుతోంది. ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయింది. నేను కారెక్కాను. అద్దం దించి, చెప్పాల్సింది ఒక్కటే చెప్పాను.

"లోపలికెళ్ళే ముందు బూట్లు విప్పు. మీ అక్క ఊరుకోదు."