పెళ్ళికొడుకు తలలో జోలపాట

ఆదోనిలో పత్తిబండ్లు మిల్లుల దారి పట్టే వేళకు భీమాబాయి స్నానం ముగించి, తులసికోటలో నీళ్ళు పోసి, పాలమనిషి కోసం గడపలో నిలబడేది. అతను చెంబులో పాలు పోస్తుంటే, తాకకుండా అతని తల దగ్గరికి చెవి పెట్టేది.

"టాకీసుకు పోయినావు. నిద్ర చాలక పాలల్లో నీళ్ళు ఎక్కువ పోసినావు" అనేది.

ఎవరి తలలో పాట ఇరుక్కున్నా, దగ్గరగా చెవి పెట్టినవాళ్ళకు అది వినబడడం ఆ సీమలో ఎప్పుడూ ఉన్నదే. ఎవరు పాడగా విన్నారో వాళ్ళ గొంతుతోనే వినబడేది. అయితే భీమాబాయి విన్నంత శ్రద్ధగా ఎవరూ వినేవాళ్ళు కాదు. చిన్నతనంలోనే భర్త పోయి, తమ్ముడు వ్యాసరావు ఇంట్లో వంట చేస్తూ పెద్దదైన మనిషి. ఆవిడకు ఎవరి మీదా నమ్మకం లేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు వ్యాసరావు కూతురు గోదావరికి సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకుల తలలు వినే పని భీమాబాయిది. ఒకడి తలలో పేకాట క్లబ్బు గ్రామఫోను వినబడిందని తిప్పి పంపింది. తర్వాత ఎమ్మిగనూరు నుంచి మధుసూదనరావు అనే బడిపంతులు వచ్చాడు. ఫలహారం పళ్ళెం పెడుతూ ఆవిడ వంగి వింది. మొహం మారిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే వ్యాసరావు అడిగాడు. "ఏమక్కా, ఏం వినబడింది?"

"జోలపాట."

"మంచిదే కదా!"

"మగ గొంతురా. మగవాడు జోల ఎప్పుడు పాడతాడు? తల్లి లేని బిడ్డ ఇంట్లో ఉంటే పాడతాడు. ఈయనకు ముందే పెండ్లయింది. దాచిపెడతాండారు."

"ఆయన గొంతేనా అది?"

"గట్టిగా రెండు మాటలు మాట్లాడితే కదా తెలిసేది! అందుకే నోరు మెదపలేదు."

"సిగ్గుపడినాడత్తా" అంది గోదావరి తలుపు వెనక నుంచి. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాడు భీమాబాయి ఎవరికీ చెప్పకుండా ఎమ్మిగనూరు బస్సెక్కింది. పంతులు గది మగ్గాల వీధిలో ఉంది. తాళం వేసి ఉంది. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు మీదుగా అదే పాట, అదే మగ గొంతు.

తెగిన పోగు నేనతుకుతా, నిదురపోవే చిట్టి
తెల్లవారితే చీరవుతాది, నిదురపోవే చిట్టి

గుంటమగ్గంలో కూర్చుని నేతగాడు ఉచ్చీరప్ప నేస్తున్నాడు. ఉయ్యాల తాడు మగ్గానికి కట్టి ఉంది. పోగు బిగించే పలక లాగినప్పుడల్లా ఉయ్యాల ఊగుతోంది.

"ఎవరి బిడ్డప్పా?" అంది భీమాబాయి గడప బయటి నుంచే.

"నాదేనమ్మా."

"తల్లి యాడ?"

"కనేసి కన్ను మూసింది."

"మరి పక్కింటి పంతులు?"

"ఆయప్ప గోడకానుకోని పిల్లోళ్ళ పుస్తకాలు దిద్దుతాంటాడు. నా పాట ఆయప్పకు అంటుకునింది, పాపం."

భీమాబాయి నమ్మలేదు. పంతులు బిడ్డనే ఇక్కడ దాచినారనుకుంది. ఇంతలో మధుసూదనరావు బడి నుంచి వచ్చాడు. ఆవిడను చూసి తడబడ్డాడు. బిడ్డ మాత్రం అతన్ని చూసి నవ్వి చేతులు చాచింది. బిడ్డ ముక్కు కూడా పంతులుదే అనిపించింది భీమాబాయికి. మడి సంగతి మరిచిపోయి గడప దాటింది. ఉయ్యాల మీదికి వంగి బిడ్డ తలకు చెవి ఆనించింది.

"ఇంట్లో ఆడమనిషి ఉంది!" అంది లేచి. "ఎవరప్పా ఈ పాట పాడేది?"

మగ్గం ఆగిపోయింది. ఉచ్చీరప్ప మెల్లగా అడిగాడు. "నడుమ దగ్గుతాందామ్మా?"

భీమాబాయి మళ్ళీ వంగి వింది. "దగ్గుతాంది. దగ్గి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాంది."

"నా పెండ్లాం మద్దమ్మ. నిండు కడుపుతో రాట్నం కాడ కూర్చోని పాడేది. బిడ్డ లోపల్నించే ఇన్యాది." ఉయ్యాల తాడు సవరిస్తూ అన్నాడు. "బిడ్డ తల నేనెప్పుడూ ఇన్లేదమ్మా. ఇంటే ఇంక మగ్గంలో కూసోలేను."

భీమాబాయి లేవబోయింది. బిడ్డ ఆవిడ ఎర్ర చీర ముసుగు పట్టుకుని వదల్లేదు.

ఆదోని చేరి, "సంబంధం ఖాయం చేసుకో" అని మాత్రం చెప్పింది తమ్ముడితో. ఎందుకని అతను అడుగుతుండగానే వంటింట్లోకి పోయింది.

పెళ్ళయింది. కొత్త కాపురం కుదిరేదాకా తోడుండడానికి గోదావరితోపాటు భీమాబాయి ఎమ్మిగనూరు వెళ్ళింది. కాపురం కుదిరింది. ఆవిడ రాలేదు. పొద్దున లేచి పక్కింటికి పోతుందనీ, బిడ్డకు నీళ్ళు పోస్తుందనీ, పాలు పడుతుందనీ మాట ఆదోని బజారుదాకా వచ్చింది. వ్యాసరావు ఎమ్మిగనూరు వెళ్ళి, మధ్యాహ్నం తిరుగు బస్సులో రెండు సీట్లు చెప్పుకుని, అక్కను తీసుకుపోదామని వచ్చాడు.

మగ్గం ఇంటి అరుగు మీద బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది భీమాబాయి.

"లెయ్ అక్కా, పోదాం. ఏమి మాట్లాడుకుంటాండారో తెలుసా జనం? నీకు ఈ ఇంట్లో ఏముంది?"

"ఒరే వ్యాసా, ఇన్నేండ్లు అందరి తలలూ విన్నాను. నా తల ఎవరన్నా విన్నారా?"

విధవరాలి ముసుగు తల దగ్గరికి చెవి తీసుకుపోవడం అపశకునమని ఇంటిల్లిపాదీ దూరంగా తిరిగేవాళ్ళు. వ్యాసరావూ అంతే. చేతిలోని గొడుగు నేల మీద పెట్టి, అరుగు మీద ఒక చెయ్యి ఆనించి, అక్క తలకు చెవి ఆనించాడు.

ఎవరో ఆడమనిషి జోల పాడుతోంది. నడుమ దగ్గింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. వ్యాసరావు కదలకుండా విన్నాడు.

తర్వాత గొడుగు తీసుకుని బస్సు దగ్గరికి నడిచి, ఒక్క సీటు చాలని కండక్టరుతో చెప్పాడు.