ఊదకూడని కొస

గంగులయ్య పచ్చడి సీసాలోంచి చిట్టి ప్లాస్టిక్ టోపీని తీసి తీగ కొసకు తొడిగాడు. వెంట్రుకంత గాజు తీగ అది. దూరం నుంచి అలసి వచ్చిన వెలుగుకు బలమిచ్చి ముందుకు పంపే పెట్టెలు ఎడారి దేశపు ఊరు ఫింటాస్‌లోని ఈ చల్లటి గదినిండా ఉన్నాయి. వాటికి తగిలించే తీగల కొసలు తుడవటమే పదకొండేళ్లుగా అతని పని. పొట్టి మనిషి. నెరిసిన మీసం. జేబులో ఎప్పుడూ నూగు రాలని గుడ్డముక్కల పొట్లం.

ఈ రోజే ఆఖరు. సాయంత్రం విమానం. "ఏం తెచ్చినా తేకపోయినా నా పచ్చడి సీసా మాత్రం తీసకరా," అని భార్య గురమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. కానీ కొత్తగా చేరిన లాల్ బాషాకు పని వచ్చిందని ఇంజనీరు రహీమ్ సంతకం పెడితేనే గంగులయ్య కదిలేది.

రహీమ్ తెర చూసి తల పట్టుకున్నాడు. "ఏడో పెట్టెకు వచ్చే వెలుగు సగమైంది కాకా. కరెంటు పెంచుతా."

"పెంచొద్దు సారూ. లోపలికి పొయ్యేదే తక్కువైతే, పెట్టె వెలుగుతో పాటు పనికిరాని రొదను గూడా పెంచుతాది." గంగులయ్య బాషా వైపు తిరిగాడు. "ఏడోది ఎట్ల తుడిచినావప్పా?"

రాయచోటిలో ఇరవై ఏళ్లు వాచీలు బాగుచేసిన బాషా ఒక కన్ను మూసి, పెదవులు సున్నాలా చుట్టాడు. "తుడిచినాక ఇట్ల... ఉఫ్! దుమ్ము పోవల్ల గదన్నా."

"నీ ఉఫ్ పాడుగాను! నోటి తేమంతా గాజుకు పూసినావు. పొద్దున ఏం తిన్యావు?"

"ఆమ్లెట్టు."

రహీమ్ పగలబడి నవ్వాడు. బాషా నవ్వలేదు. "నా వల్ల నీ టికెట్టు పాయనా అన్నా?"

తానే తుడిస్తే రెండు నిమిషాల పని. గంగులయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "సారూ, ముందు వెలుగు ఆపండి. కంటికి కనపడదు గానీ కండ్లు తీస్తాది. బాషా, స్పిరిట్టు గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఒకే దిక్కుకు. పసిబిడ్డ చెవి తుడిచినట్ల."

బాషా ఊపిరి బిగబట్టి తుడిచాడు. తీగ తగిలించాక రహీమ్ వెలుగు వదిలాడు. తెరమీద అంకె మెల్లగా పైకి జరిగి, పచ్చబడింది.

"యల్లా, ఇక బయల్దేరు కాకా! నిన్నటికంటే మంచిగుంది," అంటూ రహీమ్ గోడకే కాగితం ఆనించి సంతకం పెట్టాడు.

"ఇంగ వాచీలు మాత్రం ఊదుకో," అన్నాడు గంగులయ్య. గది చెప్పులు విప్పి, బయటి చెప్పులు తొడుక్కొని, రోజూ చెప్పినట్టే "వస్తా బాషా" అని వెళ్లిపోయాడు.

ఏడో పెట్టె పక్కన, బాషా చెయ్యి అందేంత దూరంలో, టోపీలతో నిండిన సీసా ఉంది. మూత అంచున పచ్చడి ఎరుపు ఇంకా వదల్లేదు.