ఇతరములు

బట్టల కొట్టు మూసేసినవాడికి లోకం రెండు సలహాలు ఇస్తుంది. ఇంకో కొట్టు పెట్టమంటుంది, లేదా ఇంట్లో కూర్చోమంటుంది. షావుకారుకు మొదటిదానికి ఓపిక లేదు. రెండోదానికి ఇంట్లో చోటు లేదు. పొద్దున్నుంచీ కుర్చీలో కూర్చుని ‘ఆ గిన్నె అక్కడెందుకు, ఈ డబ్బా మూతేది’ అని ఆరా తీస్తుంటే భార్య ఒకరోజు చేతులు జోడించింది. "మీరు ఎక్కడికైనా వెళ్లండి. ఎక్కడికని అడగను."

ఆ దారి మేనకోడలు చూపించింది. ఆమె పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో ఒక విభాగానికి పెద్ద. జనం తమ ఇళ్లలోని ఉత్తరాలు, ఫొటోలు, పటాలు తెచ్చి ఇస్తే అక్కడ వాటిని పెట్టెల్లో సర్ది, ఏ పెట్టెలో ఏముందో పట్టిక రాస్తారు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఆ పట్టికే దారి. దాన్ని ఇప్పుడు ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో కంప్యూటర్లోకి ఎక్కించాలి. మనుషులు తక్కువ, పని ఎక్కువ. మేనకోడలు పైవాళ్ల ముందు నిలబడి, "సరుకు సర్దడం ఆయనకు తెలిసినట్టు మనలో ఎవరికీ తెలియదు, పూచీ నాది," అని చెప్పి మేనమామను తాత్కాలికంగా పెట్టించింది. పూచీ అంటే ఏమిటో షావుకారుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరి పరువును ఇంకొకరి చేతిలో పెట్టడం.

మొదట్లో తెరమీద ఆ కోణాల గుర్తులు చూస్తే అతనికి కళ్లు తిరిగాయి.

"ఇదేమిటే, అక్షరాలకు ముళ్లకంచె వేశారు?"

"వాటిని ట్యాగులంటారు మామయ్యా. ఇక్కడ తేదీ మొదలైందని ఒక ట్యాగు, ఇక్కడ అయిపోయిందని ఒక ట్యాగు. తెరిచినదాన్ని మూయాలి. లోపలిది ముందు, బయటిది తర్వాత."

"మూట కట్టడమా? ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

అక్కడి నుంచి విద్య పట్టుబడింది. సేకరణ అంతా పెద్ద మూట. అందులో చిన్న మూటలు. వాటిలో కాగితాలు. లోపలి ముడి వేయకుండా బయటి ముడి బిగిస్తే కంప్యూటరు ఎర్రగీత గీస్తుంది. పై మూట మీద చెప్పిన మాట లోపలి మూటలన్నిటికీ వర్తిస్తుంది. తండ్రి చేసిన కట్టుబాటు కొడుకులకు అంటినట్టు. సాయంత్రానికి ఫైలంతా ఒక్క ఎర్రగీత లేకుండా నిలబడితే షావుకారు కొట్టు రోజుల్లో లాగే నడుం వెనక్కి విరిచి, "బేరం కుదిరింది," అనేవాడు. పక్క బల్ల దగ్గర స్కానింగ్ చేసే ఆవిడ నవ్వేది. "మా షావుకారు గారు ట్యాగుల్ని కూడా గజాల్లో కొలుస్తారు."

ఇంకో సంగతి అతనికి బాగా నచ్చింది. ఫైల్లో మనలో మనం గుర్తుకోసం రాసుకునే మాటలకు ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. దాన్ని కామెంట్ అంటారు. అది పెట్టి ఏం రాసినా జనం చూసే పేజీ మీద కనిపించదు.

"మా మార్కు చీటీయే!" అన్నాడు షావుకారు. కొట్లో ప్రతి మడత మీదా ఒక చీటీ ఉండేది. అసలు ధర దానిమీద గూఢమైన అక్షరాల్లో రాసేవాళ్లు. కొట్టువాళ్లకు అది లెక్క, కొనేవాళ్లకు పిచ్చిగీత.

"దాదాపు అంతే. కానీ పేజీ మీద కనపడదన్నాను, ఫైల్లో ఉండదనలేదు," అంది మేనకోడలు. మొదటి సగం దగ్గరే అతని చెవి ఆగిపోయింది. లాభం వినిపించాక వ్యాపారి షరతులు వినడు.

అతనికి మొట్టమొదట అప్పగించిన సేకరణ బోర్డుల మాస్టారిది. ఆయన బతికున్నన్నాళ్లూ ఊళ్లోని అంగళ్లకు, ఆసుపత్రులకు, బడులకు పేరు బోర్డులు చేత్తో రాశాడు. తర్వాత ప్లాస్టిక్ గుడ్డల మీద అచ్చువేసిన బోర్డులు వచ్చాయి. గోడలు తుడిచేశారు, రేకులు పీకేశారు. ఆయన పోయాక ఆయన భార్య నమూనా కాగితాలు, అక్షరాల కొలతలు, వీధుల ఫొటోలు సంచుల్లో పెట్టుకుని బస్సెక్కి తెచ్చేది. ఒక్కసారిగా కాదు. ఒక్కో వారం ఒక్కో సంచి.

"ఊరంతా ఆయన చేతిరాతే ఉండేది బాబూ," అనేది ఆమె, కుర్చీ అంచున కూర్చుని. "ఇప్పుడు చూపిద్దామంటే ఒక్క గోడ లేదు. నువ్వు రాసే ఆ పట్టికలో అయినా ఉంటే చాలు. ఎవరైనా ఎప్పుడైనా వెతికితే ఆయన తగలాలి."

షావుకారు శ్రద్ధగానే చేశాడు. రంగు నమూనాలు ఒక వరస, దుకాణాల బోర్డులు ఒక వరస, ఫొటోలు ఒక వరస. ఫైలు పూర్తయింది, మర్నాడు పైకి ఎక్కించాలి. సరిగ్గా అప్పుడు ఆమె ఇంకో సంచి పట్టుకుని వచ్చింది. మూతి గట్టిగా కుట్టి ఉంది.

"ఇదే ఆఖరుది," అని బల్లమీద పెట్టి, కాసేపు దానిమీంచి చెయ్యి తియ్యలేదు.

షావుకారు ఆ చేతిని చూడలేదు. ఆఖరు అన్న మాటే విన్నాడు. ముప్పై ఏళ్ల వర్తకం అతనికి నేర్పిన సూత్రం ఒకటుంది. టోకున కొన్న లాటులో చివర వచ్చే బేలు, అంటే ఆఖరి గుడ్డల కట్ట, ఎప్పుడూ తుక్కే. మంచి సరుకు పైన పెడతారు, ముక్కలూ మరకలూ అడుగున తోస్తారు. విప్పి చూసి చెయ్యి మురికి చేసుకునేవాడు కొత్తవాడు. అతను సంచిని బీరువాలో పెట్టాడు. ఫైల్లో కొత్త మూట తెరిచి ‘ఇతరములు’ అని పేరు పెట్టి మూసేశాడు. పక్కన కామెంట్ గుర్తు పెట్టి తన మార్కు చీటీ రాసుకున్నాడు. ఎర్రగీత పడలేదు.

పట్టిక జనం చూసే పేజీలోకి ఎక్కిందని కబురు పెడితే ఆమె వెంటనే వచ్చింది. తెరమీద భర్త పేరు చూసి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. షావుకారుకు ఛాతీ పొంగింది. పేజీ చూపిస్తే చాలదనిపించింది, తన పనితనం కూడా చూపించాలనిపించింది. కోణాల గుర్తులతో సహా అసలు ఫైలును కాగితాల మీద తీశాడు.

"ఇవన్నీ నేను వేసిన ముడులమ్మా. చూడండి, మాస్టారి పేరు. ఇక్కడ తెరిచాను, ఇక్కడ మూశాను."

"ఇంటికి తీసుకెళ్లనా? నిదానంగా చదువుకుంటాను."

"మీదే కదమ్మా!" అని కవర్లో పెట్టి గుమ్మందాకా వచ్చి ఇచ్చాడు.

తరువాతి వారం ఆమె చేతిలో సంచి లేదు. అదే కవరు ఉంది. నేరుగా అతని బల్ల దగ్గరకు వచ్చి కూర్చుని, ఒక కాగితం తీసి, ఒకచోట వేలు పెట్టింది.

"ఇది కాస్త చదివి పెట్టు బాబూ. కళ్లద్దాలు మర్చిపోయాను."

కళ్లద్దాలు ఆమె మెడలో తాడుకు వేలాడుతూనే ఉన్నాయి. షావుకారు వాటిని చూశాడు, తర్వాత వేలు ఉన్నచోటు చూశాడు.

"అదీ... అది మెషిన్ భాషమ్మా."

"తెలుగులోనే ఉంది నాయనా."

స్కానింగ్ ఆవిడ యంత్రం ఆపింది. చదవకుండా తప్పించుకునే ఉపాయం కోసం అతను వెతికాడు. దొరకలేదు. గొంతు తగ్గించి చదివాడు.

"చివరి సంచి విప్పలేదు. తుక్కే అయ్యుంటుంది. ఇతరములు అని వేశాను."

"ఇంకా ఉంది."

"...ఆవిడకేం తెలుస్తుంది."

ఆమె కాగితం తీసుకుని మడిచింది. అరిస్తే బాగుండునని అతనికి అనిపించింది. అరిచేవాళ్లతో అతనికి అలవాటే. రంగు వెలిసిందని, కొలత తగ్గిందని గుడ్డ మొహాన కొట్టినవాళ్లను కూడా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నవ్వించి పంపిన మనిషి. ఈమె అరవలేదు. బేరానికి ఎక్కడా పట్టు దొరకలేదు.

"ఆఖర్న తెచ్చాను కాబట్టి తుక్కనుకున్నావు," అంది ఆమె. "ఆఖర్న తెచ్చింది ఇవ్వబుద్ధి కాక. ఆయనకు చేతులు వణకడం మొదలయ్యాక గీసినవి అవి. తిన్నగా ఒక్క గీత రాదు. ఎవరికీ చూపించొద్దనేవాడు. ఇవ్వనా వద్దా అని ఎన్నాళ్లు కొట్టుకున్నానో నాకే తెలుసు."

మాటలు విని మేనకోడలు తన గదిలోంచి వచ్చింది. మేనమామ ముఖం చూసింది, కాగితం అడిగి తీసుకుని చదివింది. ఆమె చెవులు ఎర్రబడటం షావుకారు చూశాడు. చిన్నప్పుడు బడిలో తప్పు చేస్తే అలాగే ఎర్రబడేవి. ఇప్పుడు తప్పు ఆమెది కాదు, ఎరుపు మాత్రం ఆమెది.

"పెద్దమ్మగారూ, తప్పు మాది. ఆ సంచి ఇప్పుడే తెస్తాను, మీ ముందే విప్పి ఒక్కొక్కటీ రాస్తాం."

"ఇప్పుడు విప్పితే నా కోసం విప్పుతారమ్మా. ఆయన కోసం కాదు." ఆమె లేచింది. "ఆ సంచి ఇచ్చెయ్యండి. మిగతావి ఉండనీండి. అవి బాగానే రాశాడు. పని రానివాడేం కాదు."

ఆ ఆఖరి మాటకు షావుకారు తల ఇంకా కిందికి వాలింది. పని రానివాడైతే చెప్పుకోవడానికి ఒక సాకైనా మిగిలేది.

సంచి బస్‌స్టాప్ దాకా అతనే మోశాడు. ఆమె వద్దనలేదు, సరేననలేదు. మూట చేతికి తగిలితే లోపల నూలో పట్టో చెప్పగల వేళ్లు అతనివి. కాగితాల అంచులు గుడ్డలోంచి అరచేతికి ఆనుతున్నాయి. మందమైనవి కొన్ని, పల్చనివి కొన్ని, చుట్టగా చుట్టింది ఒకటి. తెలుసుకునే హక్కు లేదన్నట్టు అతను వేళ్లు సడలించి, సంచిని పిడుల దగ్గర మాత్రమే పట్టుకున్నాడు.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, నేను..."

"తెలుసులే నాయనా. వెళ్లు, నీ పని ఉంటుంది."

తిరిగి వచ్చేసరికి మేనకోడలు అతని కుర్చీ పక్కన నిలబడి ఉంది. తిడుతుందేమోనని ఎదురుచూశాడు. ఆమె తెరవైపు చెయ్యి చూపించింది.

"ఇతరములు తీసెయ్యి. అక్కడ ఏం జరిగిందో రాయి."

"మొత్తం మూటే తీసేస్తే? బీరువాలో అదిక లేదు కదా."

"అలాంటివి ఉన్నాయని కూడా తెలియకుండా పోతుంది. వెతికేవాళ్లకు అవి ఎందుకు లేవో తెలియాలి కదా మామయ్యా."

షావుకారు కూర్చున్నాడు. ‘ఒక సంచి దాతకు తిరిగి ఇవ్వబడింది. అందులోని కాగితాలు పరిశీలించబడలేదు,’ అని కొట్టాడు.

మేనకోడలు వంగి చదివింది. "ఎవరీ ‘బడ’?"

"ఆఫీసుల్లో అలాగే కదా రాస్తారు."

"రాస్తారు. ఆఫీసుల్లో ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతటవే చెయ్యబడతాయి. ఎవరు పరిశీలించలేదు?"

వెనక స్కానింగ్ యంత్రం ఇంకా మొదలవలేదు. ఆవిడ వింటోందని తెలుస్తూనే ఉంది. వాక్యం చెరిపేశాడు. కొట్లో గల్లాపెట్టె ముందు అన్నేళ్లు కూర్చున్నవాడికి చేతులు మీటల మీద ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

‘ఈ పట్టిక రాసిన ఉద్యోగి ఒక సంచిని విప్పి చూడకుండానే ఇతరములు అని నమోదు చేశాడు. ఆ సంగతి తెలిసిన దాత దానిని వెనక్కి తీసుకున్నారు. మాస్టారు చివరి రోజుల్లో గీసినవి అందులో ఉన్నాయని ఆమె చెప్పారు.’

"ఆఖరి వాక్యం ఉంచాలంటే ఆవిడను అడగాలి," అంది మేనకోడలు. "అది ఆవిడ నీతో చెప్పుకున్న మాట."

అతను ఆ వాక్యం తీసేశాడు. మొదటి రెండూ మిగిలాయి.

"ఇది అందరికీ కనపడుతుందా?"

"కనపడుతుంది."

"నీ పూచీ మీద వచ్చినవాణ్ణని పైవాళ్లకు తెలుసు కదే."

"తెలుసు."

ఆమె ఇంకోసారి చదివింది, ఒక్క అక్షరం మార్చలేదు. కనీసం ‘ఉద్యోగి’ అన్న మాటనైనా మెత్తబరచమని అడుగుదామని అతను తల ఎత్తాడు. ఆమె అప్పటికే పై అధికారి గది వైపు నడుస్తోంది, కామెంట్ ఉన్న ఆ మడిచిన కాగితం చేతిలో పట్టుకుని.