గోడ అవతలి చెత్త

మంచి పౌరులు ఎలా ఉండాలో రెండో తరగతి పిల్లలకు నేర్పే పని ఆ ఏడు ఆ క్లాసు టీచరు నెత్తిన పడింది. ఏ పనైనా తూతూ మంత్రంగా చేసే మనిషి కాదామె. అట్టముక్కలకు తెల్లరంగు వేసి, రోడ్డు దాటే చారల్లా నేల మీద పరిచి, పిల్లల్ని ఇద్దరిద్దరుగా దాటించింది. వరసలో ఎలా నిలబడాలో, నీళ్ళు తాగాక కుళాయి ఎలా కట్టెయ్యాలో చూపించింది. చివరిరోజు గొంతు పెంచి, "తప్పు ఎవరు చేసినా సరే, ఎంత పెద్దవాళ్ళయినా సరే, భయపడకుండా చెప్పాలి. సరేనా?" అంది.

"సరే టీచర్!" అని నలభై గొంతులు పైకప్పు లేచిపోయేలా అరిచాయి. అందరికంటే పైనున్నది రేడియో గొంతు. ఆ పిల్ల నోరు మూతపడదని స్టాఫ్ రూములో పెట్టిన పేరది.

శనివారం ఆ పాఠాల ముగింపు సభకు మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. పెద్ద మేడం ఇస్త్రీ మడత నలగకుండా ఆయన పక్కన కూర్చుంది. ఆయా మంచినీళ్ళ ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. పదకొండేళ్ళుగా ఆ బడిలో పిల్లల ముక్కులు తుడిచేదీ, తడిసిన బట్టలు మార్చేదీ, గదులు ఊడ్చేదీ ఆమే.

అధికారి హుషారుగా ఉన్నాడు. "మీ బడి వెనక ఖాళీ స్థలంలో చెత్త కొండలా పెరుగుతోంది. ఎవరు వేస్తున్నారో తెలీక మూడు వారాలుగా మావాళ్ళు తలలు పట్టుకుంటున్నారు. మంచి పౌరులు కదా, మీలో ఎవరికైనా తెలుసా?" అని నవ్వుతూ అడిగాడు. జవాబు వస్తుందని ఆయనా అనుకోలేదు.

రేడియో చటుక్కున లేచింది. "నాకు తెలుసు సార్! మా ఆయా! బుట్ట గోడ మీంచి బోర్లిస్తుంది. ధబ్బుమని!"

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయా ట్రే పక్క బల్ల మీద పెట్టేసింది.

"ఏంటిది?" పెద్ద మేడం గుండె మీద చెయ్యి వేసుకుంది. "నా కళ్ళు గప్పి ఇంత పని చేస్తున్నావా?"

ఆయా చూపు నేరుగా వచ్చి టీచరు మీద వాలింది.

ఎందుకు వాలిందో టీచరుకు తెలుసు. ఈ ఏడు బడి తెరిచిన మొదటి వారంలో, తను పెద్ద మేడం గదిలో రిజిస్టరులో సంతకం పెడుతుండగానే ఆ మాట నడిచింది. చెత్తబండి ముందు గేటుకి వచ్చేది సరిగ్గా తల్లిదండ్రులు పిల్లల్ని దింపే వేళకే. "ఆ కంపు బుట్టలు గేటు ముందు పెడితే మన బడి పరువేం కాను? వెనక గోడ మీంచి పారెయ్యి. ఎవడు చూడొచ్చాడు?" అంది పెద్ద మేడం. అవతలివాళ్ళు అరుస్తారేమోనని ఆయా నసిగింది. "అరిస్తే నేను చూసుకుంటాలే." టీచరు సంతకం కింద గీత గీసి, క్లాసుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఒక్క మాట చాలు. మేడమే చెయ్యమన్నారండీ అంటే ఆయా ఉద్యోగం నిలబడుతుంది. ఆ మాట టీచరు గొంతు దాకా వచ్చింది. దాని వెనకే తన ఉద్యోగం పర్మినెంట్ చేసే కాగితమూ గుర్తొచ్చింది. వచ్చే నెల దాని మీద సంతకం పెట్టాల్సింది పెద్ద మేడమే.

రేడియో ఇంకా కూర్చోలేదు. "కానీ సార్, నిన్న పెద్ద మేడమే కిటికీలోంచి ఆయాని..."

టీచరు రెండంగల్లో వెళ్ళి పిల్ల భుజం నొక్కింది. "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. కూర్చో."

"మీరే కదా టీచర్, చెప్పమని..."

"కూర్చోమన్నానా!"

పిల్ల కూర్చుంది. అధికారికి ఏం అర్థమైందో ఏమో, వాచీ చూసుకున్నాడు. ధైర్యంగా చెప్పిన పాపకు అందరిచేతా చప్పట్లు కొట్టించి లేచాడు. ఆయన జీపు మలుపు తిరగ్గానే, ఇక పనిలోకి రావద్దని పెద్ద మేడం ఆయాకు చెప్పేసింది.

బడి వదిలాక ఆయా తన టిఫిన్ డబ్బా, పాత చెప్పులు, పగిలిన అద్దం ముక్క సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. మెట్ల మీద రేడియో వాళ్ళమ్మ కోసం చూస్తూ నిలబడి ఉంది. బూటు లేసు ఊడిపోయి నేల మీద పారాడుతోంది. ఆయా వంగి లేసు కట్టింది.

"ఆయా, నీ మీద చెప్పానని కోపమొచ్చిందా?"

"నీ మీద కోపమెందుకే పిచ్చిపిల్లా? చూసిందే చెప్పావు." ఆయా తల ఎత్తకుండానే ముడి బిగించింది. "చూసినవాళ్ళందరికీ నీ నోరుంటే బాగుండేది."

వెనక నిలబడ్డ టీచరు కొంగు సర్దుకుంది. "నువ్వేం బెంగపెట్టుకోకు. రేపు నేను మేడంతో మాట్లాడతాను."

"రేపు ఆదివారం కదా టీచరమ్మా."

"అయితే ఎల్లుండి."

"అలాగేలే అమ్మా."

ఆయా సంచి భుజానికి తగిలించుకుని గేటు దాటింది. టీచరు గుండెల్లో బరువు కాస్త దిగింది. మధ్యలో ఒకరోజు దొరికినందుకే అలా దిగిందని ఆమెకు తెలిసింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ తేలిక మాత్రం పోలేదు.